పదకొండు అంగుళాల అడుగు

మూడేళ్లలో ముందుచూపు ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పిన నాడు తప్పింది కూడా ఒక్క అంగుళమే. అంగుళానికి ఇంత రాద్ధాంతమా అని మీరనుకోవచ్చు. కందివాగు ప్రాజెక్టు ఆఫీసులో అందరూ అదే అన్నారు, ఒక్క రవళి తప్ప.

దాన్ని పెంచింది ఇంజనీరు రవళే మరి. ముందుచూపు అంటే కట్ట మీది కంట్రోలు రూములో నాలుగు బీరువాలంత కంప్యూటర్లు, వాటి లోపల ఒక లెక్కల బుర్ర. యాభై ఏళ్ల గేజీ రిజిస్టర్లను, అంటే జలాశయంలో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో రోజూ పొద్దున్నే చేత్తో రాసిపెట్టిన పుస్తకాలను, వానల వివరాలతో సహా రవళి దానికి తినిపించింది. అది తిన్నదంతా అరిగించుకుని, నలభై రోజుల తర్వాత మట్టం ఎక్కడుంటుందో ఇవాళే చెప్పడం మొదలుపెట్టింది. చెప్పి ఊరుకోదు. తొమ్మిది గేట్లనూ తానే ఎత్తుతుంది, తానే దించుతుంది. ఏ మట్టం దగ్గర ఏ ఊరికి నష్టం జరిగిందో కూడా అవే పుస్తకాల్లోంచి ఏరుకుని, ఎవరికీ నష్టం లేనంతవరకు నింపుతుంది. చుక్క వృథా పోనివ్వదని దానికి పేరు.

అది మాట్లాడుతుంది కూడా. రోజూ పొద్దున ఆరింటికి కట్ట మీది మైకులోనూ, చుట్టుపక్కల నలభై ఊళ్ల ఫోన్లలోనూ వినిపిస్తుంది. "మట్టం నాలుగు వందల తొంభై ఆరు. గాలి పడమట. నీరు తేట. ఒడ్డుగూడెం నిమ్మళం." ఈ మాటలు దానికి ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. రిజిస్టరులో చివరి గడి రిమార్కులది. ముప్ఫై రెండేళ్లు ఆ గడి నింపిన చేయి రవళి తండ్రి ఓదేలుది. ఆయన గేజీ లస్కరు. పొద్దున్నే మెట్లు దిగి, గోడ మీది అంకె చూసి, పైకొచ్చి రాసేవాడు. మిగతా లస్కర్లు ఆ గడిలో గీత గీసి వదిలేస్తే, ఓదేలు మాత్రం గాలీ, నీటి రంగూ, కట్టకు అవతల నీటి అంచున ఉన్న ఒడ్డుగూడెం సంగతీ రాసేవాడు. యంత్రానికి తెలుగు వచ్చిందంటే ఆ గడిలోంచే వచ్చింది. మొదటిసారి అది మాట్లాడిన రోజు ఆఫీసంతా నవ్వింది. "అరే, మన ఓదేలు మాట్లాడినట్టే ఉన్నది గదా."

ప్రారంభోత్సవం నాడు ఓదేలును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఈ యంత్రానికి అక్షరాభ్యాసం చేసిన చేయి ఇదేనని ప్రాజెక్టు పెద్ద ఇంజనీరు పురుషోత్తం సారు మైకులో చెప్పాడు. ఓదేలు తల దించుకుని నిలబడ్డాడు. సిగ్గుపడుతున్నాడనుకుంది రవళి. కూతురిగా ఆమె గర్వపడిన రోజు అది.

ఆ తర్వాత మూడేళ్లు వానలు ముఖం చాటేశాయి. మట్టం ఐదు వందల అడుగులు దాటనే లేదు. ఆ కింది మట్టాల దగ్గర ముందుచూపు అంగుళం పొల్లుపోకుండా చెప్పింది. కొత్తగా బిగించిన రాడార్ కన్ను నీటిని చూసి ఎంతంటే, అది అంతే చెప్పింది. గోడ మీది అంకెలతో ఇక పని లేదన్నారు. గేజీ మెట్ల మీద నాచు పట్టింది.

నాలుగో ఏడు శ్రావణంలో వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. మట్టం ఐదు వందలు దాటి పైకి పాకింది. ఐదు వందల ఒకటి ఉంటుందని ముందుచూపు చెప్పిన పొద్దున రాడార్ ఒక అంగుళం తక్కువ చూపింది. రెండు అన్నప్పుడు రెండంగుళాలు తక్కువ. మూడుకు మూడు. వాన విషయంలో పొరపాటు పడితే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ రావాలి. ఇది అడుగుకు అంగుళం చొప్పున, తూచి ఇచ్చినట్టు తగ్గుతోంది. ముందుచూపు తనకు తానే సర్ది చెప్పుకుంది: అనుకున్నంత వరద రాలేదు, ఇంకా చోటున్నది, గేట్లు దించే ఉంచుదాం. నిండు మట్టం ఐదు వందల పన్నెండు. రేపు తెల్లవారేసరికి అక్కడికి చేరుతుందని, అప్పటిదాకా గేటు ఎత్తనక్కర లేదని గురువారం పొద్దున తేల్చింది.

గురువారం పొద్దున అది చెప్పిన మట్టం ఐదు వందల ఎనిమిది. రాడార్ చూపింది దానికి ఎనిమిది అంగుళాలు తక్కువ. రవళి కుర్చీలోంచి లేచింది.

"ఎటు మేడం, ఈ వానల?" అన్నాడు గేట్ల ఆపరేటర్ ఇమ్రాన్.

"గోడ కాడికి."

"ఆ గోడను ఎవరు చూస్తున్నరు మేడం ఇప్పుడు. రంగు గూడ పోయింది."

టేపు కొంగులో దోపుకుని రవళి గేజీ మెట్లు దిగింది. నాచు మీద కాలు నిలవడం లేదు. ఎర్రటి నీళ్లు పాదాల కింద నాలుగు మెట్ల దూరంలో కొట్టుకుంటున్నాయి. ఓదేలు రిటైరైన ఎనిమిదేళ్ల నుంచి ఆ గోడకు ఎవరూ రంగు వేయలేదు. అయినా నల్ల గీతలు, తెల్ల అంకెలు ఇంకా ఆనవాలు పట్టేట్టే ఉన్నాయి. 509 గీత మీద టేపు కొన ఆనించి 510 దాకా లాగింది. పదకొండు అంగుళాలు. టేపు వంకర పోయిందేమోనని మళ్లీ పెట్టింది. పదకొండే. 510 నుంచి 511, పదకొండు. 511 నుంచి 512, పదకొండు.

ఆ గోడను ఆమెకన్నా బాగా ఎరిగిన వాళ్లు లేరు. బడిలో చేరకముందే అంకెలు నేర్చుకున్నది దాని మీదే. ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు తండ్రి నిచ్చెన వేసుకుని కొత్త రంగు వేస్తుంటే, కింద నిలబడి డబ్బా పట్టుకునేది. ఆయన చేతిలో ఒక వెదురు పుల్ల ఉండేది. దాన్ని ఆనించి గీత, మళ్లీ ఆనించి గీత. అడుగు పుల్ల అనేవాళ్లు దాన్ని. ఇప్పటికీ ఇంట్లో వంటింటి కిటికీ రెక్కకు ఊతంగా ఉంది. దాన్ని తీసి కొలవాలన్న ఆలోచన ముప్ఫై నాలుగేళ్లలో ఆమెకు ఒక్కనాడూ రాలేదు.

ఆమె మెట్ల మీదే లెక్క కట్టింది. ఐదు వందల నుంచి పన్నెండు అడుగులు, అడుగుకొక అంగుళం. గోడ మీద పన్నెండు అని రాసిన చోట నిజంగా ఉన్నది పదకొండు. ఇన్నేళ్లూ నిండింది నిండింది అని గేట్లు ఎత్తినప్పుడల్లా జలాశయం ఒక అడుగు వెలితిగానే ఉంది. యంత్రాన్ని పుస్తకంతో పోల్చి చూశారు, పుస్తకాన్ని గోడతో పోల్చి చూశారు. గోడను కొలిచిన వాళ్లు లేరు. సరిచూశానని కాగితం మీద సంతకం పెట్టింది రవళే. తండ్రి చేతిరాత కదా, ఇంక సరిచూసేదేముందనుకుంది.

ఆ వెలితి అడుగులో ఏముందో కూడా ఆమెకు తెలుసు. ఒడ్డుగూడెం ఉంది.

శిఖం అంటే చెరువు నిండితే మునిగే నేల, ఎండితే తేలే నేల. పళ్లెంలా చదునుగా ఉంటుంది. అడుగు నీళ్లు పెరిగితే అరమైలు పాకుతాయి. ప్రాజెక్టు కట్టినప్పుడు పొలాలు పోయిన వాళ్లలో కొందరు ఎక్కడికీ పోలేక ఆ అంచునే మట్టి గోడలు పెట్టుకుని, నీళ్లు వెనక్కి పోయినప్పుడు వరి, పుచ్చ వేసుకుని, నీళ్లు వచ్చినప్పుడు వలలేసుకుని బతుకుతున్నారు. అరవై నాలుగు ఇళ్లు. ఏ మ్యాపులోనూ ఆ ఊరు లేదు. పుస్తకాల ప్రకారం ఐదు వందల పన్నెండు దగ్గర ఆ గూడేనికి ఎన్నడూ నష్టం జరగలేదు. అందుకే ముందుచూపు నిశ్చింతగా నింపుతోంది. ఈసారి రాడార్ కన్ను కొలతను నమ్మి నిజమైన పన్నెండు దాకా నింపుతుంది. ఆ అడుగు నీళ్లు మట్టి గోడల మొదళ్లలోకి పోతాయి.

పురుషోత్తం సారు చెడ్డవాడేం కాదు. ఆమె చెప్పిందంతా విన్నాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాలుగు గేట్లు ఎత్తాలంటున్నవ్. ఎత్తుత. కారణమేం రాయాలె?"

"గేజీ తప్పని రాయండి సార్."

"నీ టేపుతోని ముప్ఫై ఏండ్ల రికార్డు తప్పంటే పైన ఎవరు నమ్ముతరమ్మా? పోయినేడు పక్క ప్రాజెక్టుల ఎవరో ఊకె గేటు ఎత్తితే వాగుల ఇద్దరు పోయిన్రు. కారణం, ఆధారం లేకుంట ముందుచూపు మాట దాటొద్దని ఆర్డరున్నది. నువ్వు జేసిన మిషన్ మీద నమ్మకంతోనే ఇచ్చిన్రు ఆ ఆర్డరు." ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "ఆ గోడకు రంగు వేసిన మనిషి ఉన్నడు గదా. నేనే ఇట్ల వేసిన అని ఒక కాగితం రాసియ్యమను. అయిదు నిమిషాలల్ల ఎత్తిస్త."

రవళి ఇంటికి వెళ్లేసరికి ఓదేలు వరండాలో కూర్చుని వానను చూస్తున్నాడు. ఆమె తిన్నగా వంటింట్లోకి పోయి కిటికీ పుల్ల లాగింది. రెక్క ధడాలున పడింది. పుల్లనూ టేపునూ పక్కపక్కన పెట్టి తండ్రి ముందు నేల మీద ఉంచింది.

ఓదేలు పుల్లను చేతిలోకి తీసుకున్నాడు.

"గోడ కొలిచినవా బిడ్డా?" అన్నాడు.

"ఎందుకు జేసినవ్ నాయినా?"

"పన్నెండు నిండిన ఏడు నీకు ఎనిమిదేండ్లు. యాదికి లేదు నీకు. గూడెంల గోడలు నాని రెండిండ్లు కూలినయ్. నర్సవ్వ బిడ్డె సమ్మక్క, పక్కింటి కొమురెల్లి. అయిదేండ్ల పోరగాండ్లు. ఈ చేతులతోనే మట్టి తీసిన. పైకొచ్చి పుస్తకంల రాయబోతే అప్పటి సారు నా చెయ్యి పట్టుకున్నడు. ఊరే లేని కాడ చావెట్ల రాస్తవు, నష్టం లేదని రాయుమన్నడు." ఆయన పుల్ల కొన తడిమాడు. "రాసిన. నిమ్మళం అని రాసిన. ఆ ఎండకాలమే పుల్లను అంగుళం కోసిన."

"నాకు ముందే చెప్పుంటే అయిపోవు గదా. పుస్తకాలు అడిగిననాడే చెప్పుంటే."

"ఎట్ల చెప్పుదును? నా బిడ్డె ఇంజనీరయి నా పుస్తకాలు ఇయ్యిమని అడుగుతుంటే, అవి అబద్ధం బిడ్డా అని ఏ నోటితోని చెప్పుదును? ఇగ శాలువా గప్పినంక అసలే చెప్పలేకపోయిన." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మూడేండ్ల నుంచి వాన రావద్దనే మొక్కిన. రైతుబిడ్డను, వాన రావద్దని మొక్కిన."

రవళికి కోపమూ జాలీ ఒక్కసారే పొంగాయి. ఏది ముందో తెలియలేదు. కాగితం, కలం తెచ్చి ముందు పెట్టింది. ఓదేలు ముట్టుకోలేదు.

"రాస్తే ఏమైతదో ఎరుకేనా నీకు? గూడెం నిండు మట్టం లోపట ఉన్నదని తేలిపోతది. రేపే బుల్డోజరొస్తది. అరవై నాలుగిండ్లు. ఆ గీతల మీదనే కట్టుకున్నరు వాళ్లు. నేనున్నగదా అని చెప్పిన వాళ్లకు."

"రాయకపోతే రేపు పొద్దుగాలకు నీళ్లొస్తయి నాయినా."

"నేను పోయి లేపుకొస్త. మనుషులను లేపుకొస్తే సాలదా. కాగితమెందుకు."

గొడుగు కూడా తీసుకోకుండా లేచాడు. ఒంటిగంట అయింది. ఆమె ఆపలేదు. ఆపి ఉండాల్సిందని ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. ఆపి, చెయ్యి పట్టుకుని రాయించి ఉండాల్సింది. కానీ ఆయన చెబితే గూడెం కదులుతుందని ఆమె కూడా నమ్మింది.

ఇద్దరూ రవళి బండి మీదే పోయారు. ఒడ్డుగూడెంలో అప్పటికి నీళ్లు చింతల వరుస దగ్గర ఉన్నాయి, ఇళ్లకు ఇంకా రెండు వందల గజాలు. జనం వాకిళ్లలో వలలు సర్దుకుంటున్నారు. చెరువు నిండుతోందన్న సంబరం కనిపిస్తోంది వాళ్ల ముఖాల్లో. మూడేళ్ల కరువు తర్వాత చేపలొస్తాయి.

నర్సవ్వ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. అరవై దగ్గర పడ్డ మనిషి, నడుం వంగినా గొంతు వంగలేదు. "ఏమన్నా, ఇంత వానల వచ్చినవ్? రా, ఛాయ తాగు."

"ఛాయ గాదు చెల్లే. సామాన్లు సర్దుకోండ్రి. ఈసారి నీళ్లు ఇండ్లల్లకొస్తయ్. బడికాడికి పోదాం అందరం."

నర్సవ్వ నవ్వింది. "నువ్వేనా ఈ మాట అనుడు? ఇరవై ఆరేండ్ల నుంచి నీళ్లు రావు రావు అని నువ్వే గదా చెప్పినవ్. ఎన్నడన్న వచ్చినయా?"

"ఈసారి వేరే."

"ఏం వేరే?"

ఓదేలు నోరు తెరిచాడు. ఏం వేరో చెప్పాలంటే అంతా చెప్పాలి. చుట్టూ యాభై మంది పోగయ్యారు. "చెప్తున్నగదా, లేవండ్రి" అని మాత్రం అన్నాడు.

నర్సవ్వ కొంగు ముడిలోంచి ఫోను తీసింది. మూడేళ్లలో ఆ గూడెంలో అందరికీ అలవాటైన పనే చేసింది: మీట నొక్కి అడిగింది. ఫోను ఓదేలు మాటల్లోనే జవాబిచ్చింది. "మట్టం ఐదు వందల పది దాటింది. గాలి పడమట. నీరు ఎర్ర. ఒడ్డుగూడెం నిమ్మళం."

"ఇగో, విను. నువ్వు చెప్పినా గట్లనే చెప్తవు గదా" అంది నర్సవ్వ.

రవళి ముందుకొచ్చింది. "పెద్దమ్మా, దాన్ని జేసింది నేను. అది తప్పు చెప్తున్నది."

"తప్పు జెప్పేదాన్ని మూడేండ్ల నుంచి మా చేతులల్ల ఎందుకు పెట్టినవ్ బిడ్డా?" నర్సవ్వ ఆ మాట కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

వెనక నుంచి ఎవరో అందుకున్నారు, ఇది గూడెం ఖాళీ చేయించే నాటకమని, బడికాడికి పోగానే వెనక ఇళ్లు కూలగొడతారని. గుంపులో గుసగుస మొదలైంది. పిల్లలున్న పదిహేను ఇళ్లవాళ్లు ఎందుకైనా మంచిదని మూటలు కట్టారు. మిగతావాళ్లు కదల్లేదు. ఓదేలు ఇంటింటికీ తిరిగి దండం పెట్టాడు. ఒక ముసలాయన ఆయన భుజం తట్టి, నువ్వు పెద్దోనివైనవ్ ఓదేలు, భయం పట్టుకున్నది, ఇంటికి పోయి పండుకో అన్నాడు.

పొద్దు గుంకే వేళకు నీళ్లు చింతలు దాటాయి. ఇరవై ఆరేళ్లలో అవి ఎన్నడూ ఆ చింతలు దాటలేదు. ఓదేలు ఆ నీటి అంచునే నిలబడి చూశాడు. చీలమండలు మునిగాయి.

"పా బిడ్డా, రాస్త" అన్నాడు.

పురుషోత్తం సారు బల్ల మీద ఓదేలు, తడిసిన చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. నేను, గేజీ లస్కరు ఓదేలు, ఇరవై ఆరేండ్ల కింద గోడ మీది అడుగులను పదకొండు అంగుళాలకు తగ్గించి గీసినాను. ఐదు వందల నుండి పైన నేను రాసిన మట్టములన్నియు తప్పు. ఈ పనిలో నా బిడ్డకు గాని మరెవరికి గాని సంబంధము లేదు. కింద సంతకం పెట్టి కలం మూత పెట్టాడు. సారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తాళం తీసి ఇమ్రాన్ చేతికిచ్చాడు.

రాత్రి ఏడున్నరకు నాలుగు గేట్లు లేచాయి. నీళ్ల చప్పుడుకు కట్ట అదిరింది. కానీ పైన కొండల్లో కురిసిన వాన అప్పటికే దారిలో ఉంది. వచ్చే నీళ్లు పోయే నీళ్లకంటే ఎక్కువ. మధ్యాహ్నమే ఎత్తి ఉంటే పదకొండు దగ్గర ఆగేది. ఇప్పుడు పదకొండు దాటి, అంగుళం అంగుళం పాకుతూ, తెల్లవారేసరికి పదకొండు అడుగుల పది అంగుళాల దగ్గర ఆగింది. రవళి తెర ముందు, ఓదేలు ఆమె వెనక బల్ల మీద, ఆ అంగుళాలను ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయారు. నీళ్లు వాకిళ్లలోకి రాగానే చాలామంది తమంతట తామే లేచి బడికి చేరారని ఫోన్లు వస్తుంటే, గండం గడిచిందేమోననుకున్నారు.

ఐదున్నరకు నర్సవ్వ ఇంటి పడమటి గోడ కూలింది. ఆమె కూడా రాత్రే బడికి పోయిందట. మేకలను విప్పలేదని గుర్తొచ్చి, పిక్కల లోతు నీళ్లే కదా అని తెల్లవారుజామున వెనక్కి వచ్చిందట. ఓదేలు పరుగెత్తుకుంటూ పోయేసరికి జనం మట్టి తీస్తున్నారు. ఆయన కూడా వంగి తీశాడు. ఆమె ఫోను కొంగు ముడిలోనే ఉంది. ఆరు కాగానే ఆ ముడిలోంచి మాట్లాడింది. "మట్టం ఐదు వందల పదకొండు దాటింది. గాలి పడమట. నీరు ఎర్ర. ఒడ్డుగూడెం నిమ్మళం."

అక్కడున్న అరవై మందీ ఓదేలు వైపు చూశారు. మళ్లీ వంగి మట్టి తీయసాగారు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన తర్వాత కూతురితో అన్నాడు.

రెండు రోజుల తర్వాత వరద నివేదిక తయారైంది. పురుషోత్తం సారు రవళిని పిలిచి కాగితం ముందుకు జరిపాడు. ప్రాణనష్టం అన్న చోట లేదు అని టైపు చేసి ఉంది.

"ఒక మనిషి చచ్చిపోయింది సార్."

"నాకు తెల్వదా? గ్రామం పేరు రాయాలె అక్కడ. లిస్టుల లేని గ్రామం పేరు కంప్యూటర్ తీసుకుంటలేదు. నేనేం జెయ్యాలె చెప్పు." ఆయన గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. "ఏడాదికోసారి ఈ నివేదికే మీ మిషనుకు తినిపిస్తరు గదా."

రవళి ఆ కాగితాన్ని ఇంటికి తీసుకుపోయింది. ఓదేలు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. లేదు అన్న మాటను కొట్టేసి, పక్కన ఖాళీలో, రిమార్కుల గడి నింపినంత శ్రద్ధగా రాశాడు. సమ్మక్క, ఐదేండ్లు. కొమురెల్లి, ఐదేండ్లు. నర్సవ్వ, యాభై ఎనిమిది. ముగ్గురిది ఒడ్డుగూడెం. ఇరవై ఆరేళ్ల నాటి ఇద్దరికీ, మొన్నటి ఒకరికీ కలిపి ఒకే చావు తేదీ వేయలేక, తేదీ దగ్గర ఆగిపోయాడు. తర్వాత రెండూ వేశాడు.

ఆ కాగితం ఎక్కడిదాకా పోయిందో తెలియదు. ఓదేలు రాసిన మొదటి కాగితం మాత్రం బాగానే పోయింది. ఆయన అన్నట్టే నెల తిరక్కుండా నోటీసులు వచ్చాయి. నిండు మట్టం లోపల నివాసాలు నిషిద్ధం. అరవై నాలుగు కుటుంబాలకు పెద్దరోడ్డు పక్కన రేకుల షెడ్లు చూపించారు. చేపల వాసన లేని చోట, వలలు ఆరేసే జాగా లేని చోట. సామాన్లు ఎక్కించిన ట్రాక్టర్లు కట్ట మీదుగా పోతుంటే ఓదేలు దారి పక్కన నిలబడ్డాడు. దండం పెట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

రవళి ముందుచూపును మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టి నేర్పింది. గడచిన ఇరవై ఆరేళ్లలో ఐదు వందల పైన రాసిన మట్టాలన్నీ అడుగుకొక అంగుళం చొప్పున తగ్గించి తినిపించింది. రెండు వారాల్లో లెక్క కుదిరింది. రాడార్ ఎంతంటే అది అంతే చెబుతోంది. గేట్లు వేళకు లేస్తున్నాయి. అంతా బాగైందని పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది.

"నిమ్మళం అనే ఆ ఒక్క మాట తీసెయ్ బిడ్డా" అన్నాడు ఓదేలు ఒకరోజు అన్నం ముందు కూర్చుని.

"తీసి చూసిన నాయినా. అది ఒక మాట గాదు దానికి. గాలి, నీరు, మట్టం అన్నీ ఆ మాటతోనే కలిపి నేర్చుకున్నది. పదకొండు వేల రోజులు రాసినవ్ నువ్వు. దాన్ని తీస్తే మాట్లాడుడే వస్తలేదు."

ఓదేలు కంచం వైపు వంగాడు. ముద్ద కలిపి కలిపి, తినకుండానే లేచాడు.

ఎండాకాలం వచ్చి నీళ్లు వెనక్కి పోయాయి. గేజీ గోడ అడుగుదాకా తేలింది. ఒక పొద్దున ఓదేలు నిచ్చెన భుజానికెత్తుకుని మెట్లు దిగాడు. ఎవరూ ఆయనకు ఆ పని చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. ఇనుప బ్రష్‌తో 500 దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క గీతా గీకడం ప్రారంభించాడు. రవళి కింద నిచ్చెన పట్టుకుంది. నల్లరంగు పొడి ఆమె చేతుల మీదా, జుట్టులోనూ రాలుతోంది. ఎదురుగా శిఖంలో మట్టి గోడల మొండాలు కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఎవరూ పుచ్చ వేయలేదు ఈ ఏడు.

ఆయన 505 గీకుతుండగా ఆరయింది. కట్ట మీది మైకు గరగరమని మొదలైంది.

"మట్టం నాలుగు వందల ఎనభై తొమ్మిది. గాలి పడమట. నీరు తేట. ఒడ్డుగూడెం నిమ్మళం."

నిచ్చెన మీద బ్రష్ ఆగింది. రవళి తలెత్తి చూసింది. ఓదేలు గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి, "నిచ్చెన గట్టిగ పట్టుకో బిడ్డా" అని, మళ్లీ గీకసాగాడు.